చెప్పేశాక వచ్చే పేజీ

ప్రశ్న: నాకు 29 ఏళ్ళు. ఏడు నెలల కిందట ఒక కన్ను మసకబారితే పరీక్షలు చేయించుకున్నాను, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు అని తేలింది. మందులు వాడుతున్నాను, పైకి చూస్తే నాకేమీ లేనట్టే ఉంటుంది. అమ్మకీ చెల్లికీ తప్ప ఎవరికీ తెలియదు. ఎవరికీ చెప్పొద్దని అమ్మ గట్టిగా అంటోంది. నాలుగు నెలలుగా ఒకతనితో పరిచయం, ఇద్దరం సీరియస్‌గానే ఉన్నాం. అతనికి చెప్పాలని చాలాసార్లు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఈమధ్య చెల్లి, చదివితే ధైర్యం వస్తుందంటూ 'బ్లూ పిల్స్' అనే గ్రాఫిక్ నవల తెచ్చిచ్చింది. చదివాక ఉన్న ధైర్యం కూడా పోయింది. అందులో ఆమె తనకు హెచ్ఐవీ ఉందని ఒక్క సాయంత్రంలో చెప్పేస్తుంది, అతను ఉండిపోతాడు. ఆ తర్వాత ఇంకో రెండు మూడు చదివాను, అన్నిట్లోనూ జబ్బు వచ్చినవాళ్ళు హీరోలే. మనుషులు నిజంగా ఇంత ధైర్యంగా ఉంటారా, లేక బొమ్మలు కాబట్టి అలా కనిపిస్తారా? నేను పిరికిదాన్నా? పోనీ ఆ పుస్తకాన్నే అతని చేతికిచ్చి ఊరుకుందామా అని కూడా అనిపిస్తోంది. – పేరు వద్దు

జవాబు:

చివర అడిగినదానికి ముందు జవాబు చెప్పేస్తాను, అది ఆలస్యమైతే మీరు పని కానిచ్చేసేలా ఉన్నారు. ఆ పుస్తకం అతని చేతికిచ్చి ఊరుకోకండి. అతను చదివి మొదట అనుకునేది మీకు హెచ్ఐవీ ఉందని, ఆ మాట నోటితో చెప్పలేక ఇలా చుట్టూ తిప్పి చెబుతున్నారని. అప్పుడు మీరు "అయ్యో అది కాదు, నాది వేరే" అంటూ మొదలుపెట్టాలి. లేని జబ్బు లేదని ఒప్పించి, ఆ తర్వాత ఉన్న జబ్బు సంగతి ఎత్తుకోవడం, రెండింతల పని.

ఇక మిగతాది. నాకు ఈ బొమ్మల పుస్తకాల పిచ్చి ఉంది, అందులోనూ జబ్బుల మీద వచ్చినవి ఎక్కడ దొరికినా వదలను, కాబట్టి మీ ఉత్తరం చూడగానే కొంచెం ఉత్సాహం వచ్చింది, కాస్త పొడుగైతే ఏమీ అనుకోకండి. 'బ్లూ పిల్స్' చదివినప్పుడు మీరు ఒక చిన్న సంగతి దాటిపోయారని నా అనుమానం. నేనూ మొదటిసారి దాటిపోయాను. ఆ పుస్తకం గీసింది చెప్పిన మనిషి కాదు, విన్న మనిషి. ఫ్రెడరిక్ పీటర్స్ స్విట్జర్లాండ్ చిత్రకారుడు, 2001లో వచ్చిన పుస్తకం అది, తన సొంత కథ. ఆమెనూ ఆమె చిన్న కొడుకునూ (ఆ పిల్లాడికీ హెచ్ఐవీ ఉంది) మనం చూసేదంతా ఆయన కళ్ళతోనే. ఆ సాయంత్రానికి ముందు ఆమె ఎన్ని రాత్రులు మీలాగే మాటను నోటిదాకా తెచ్చుకుని మింగేసి ఉంటుందో ఆయనకి ఎలా తెలుస్తుంది? ఆయన ఎదురుగా కూర్చునేసరికి ఆమె నోరు తెరిచింది, ఆయన గీసింది అక్కడి నుంచే. అంటే మీరు ఏడు నెలల మీ టెన్షన్‌ని తీసుకెళ్ళి ఆమె ఒక్క సాయంత్రం పక్కన పెట్టి, నేను పిరికిదాన్నా అని అడుగుతున్నారు. ఆ కొలత తప్పండి.

పైగా ఆ పుస్తకంలో చెప్పడం అనే ఘట్టం ఎంత ఉందో మళ్ళీ ఒకసారి తిరగేసి చూడండి. కొంచెమే. మిగతా పుస్తకమంతా చెప్పేశాక జరిగేదే. పిల్లాడికి మందులు తాగించడం, తన వల్లే వాడికి వచ్చిందన్న ఆమె అపరాధ భావం, ఇది జాలా ప్రేమా అని ఆయన తనను తాను తవ్వుకోవడం. ఒకసారి కండోమ్ చిరిగిపోతుంది, ఇద్దరూ బిక్కచచ్చిపోయి డాక్టర్ దగ్గరికి పరిగెడతారు. ఆ డాక్టర్ విషయమంతా విని, ఇక్కడి నుంచి బయటికెళ్ళగానే మీకు తెల్ల ఖడ్గమృగం ఎదురుపడే అవకాశం ఎంతో, ఈయనకి అంటుకునే అవకాశం కూడా అంతే అన్నట్టు చెబుతాడు. ఇంకేం, ఆ తర్వాత ఖడ్గమృగం పేజీల్లోకి వచ్చేస్తుంది! రచయిత ఆ భయాన్ని మాటల్లో వివరించకుండా దానికి ఒక ఒళ్ళూ కొమ్మూ ఇచ్చి గదిలో నిలబెట్టాడు. నవ్వొస్తుంది, భయమూ వేస్తుంది. ఆ రచయిత దేశమైన స్విట్జర్లాండ్‌లోని నిపుణుల సంఘం 2008లో, మందులు సరిగ్గా వాడుతూ రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గిపోయినవాళ్ళ నుంచి లైంగికంగా అంటదని బాహాటంగా ప్రకటించింది, ఇప్పుడు ప్రపంచమంతా అదే చెబుతోంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆయన ఉండిపోయాడని మీరు ఒక్క ముక్కలో రాసేశారు చూడండి, ఆ ఉండిపోవడం ఒక్కసారి జరిగిన పని కాదు. డాక్టర్ దగ్గర కూర్చుని వెర్రి ప్రశ్నలన్నీ అడిగి, భయపడి, తేరుకుని, మళ్ళీ భయపడి, అలా ఉన్నాడు. మీకు ఆ పుస్తకంలో ఆమె ధైర్యం కనిపించింది, నాకేమో వినేవాడి ధైర్యమే ఎక్కువ కనిపించింది.

బొమ్మలు కాబట్టి అలా కనిపిస్తారా అన్నారు. కొంతవరకు నిజమే, కానీ మీరు అనుకునే కారణానికి కాదు. కామిక్స్‌లో ఒక గడికీ ఇంకో గడికీ మధ్య సన్నటి తెల్ల ఖాళీ ఉంటుంది, చిటికెన వేలంత వెడల్పు కూడా ఉండదు. ఒక గడిలో ఆమె "నీకో విషయం చెప్పాలి" అంటుంది, పక్క గడిలో విన్నవాడి ముఖం. మధ్యలో ఆ తెల్ల గీత. మన కన్ను దాన్ని క్షణంలో దాటేస్తుంది. జీవితంలో ఆ గీత వెడల్పు వేరు. నాలుగు సెకన్లు కావచ్చు, అవతలి మనిషి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి పది నిమిషాలు అటే నిలబడిపోవచ్చు, "సరే, రేపు మాట్లాడుకుందాం" అని వెళ్ళిపోయి రెండు రోజులు ఫోన్ చేయకపోవచ్చు. మీరు నిజంగా భయపడుతున్నది చెప్పడానికి కాదు, ఆ తెల్ల గీతలో చిక్కుకుపోవడానికి అని నాకనిపిస్తోంది. మంచి కామిక్ గీసేవాళ్ళకి ఈ సంగతి తెలుసు. అందుకే అలాంటి చోట మాటలు తీసేస్తారు, ఒకే ముఖాన్ని వరసగా మూడు నాలుగు గళ్ళలో పెద్ద తేడా లేకుండా గీస్తారు, మనల్ని ఆగిపోయేలా చేస్తారు. మీరు కథ ఏమవుతుందోనన్న ఆత్రంలో ఆ గళ్ళను పరిగెత్తించేసి ఉంటారు. తప్పు లేదు, నేనూ అంతే.

ఇంకొకటి, ఇది కొంచెం చేదుగా ఉంటుంది. పుస్తకాలుగా మన చేతికొచ్చేవి చాలావరకు, చెప్పాక ఏదో ఒకలా నిలదొక్కుకున్నవాళ్ళవి. చెప్పి చెడినవాళ్ళూ, చెప్పలేకపోయినవాళ్ళూ, గీసేంత టైమ్ లేకపోయినవాళ్ళూ అరల్లో తక్కువగా కనిపిస్తారు. కాబట్టి పుస్తకంలో అతను ఉండిపోయాడు గనక నా మనిషీ ఉండిపోతాడని నేను మీకు హామీ ఇవ్వలేను, ఏ పుస్తకమూ ఇవ్వలేదు.

టైమ్ అంటే గుర్తొచ్చింది. ఎలెన్ ఫోర్నీ అని అమెరికన్ కార్టూనిస్టు, ఆమెకి 30వ ఏడు రాబోయే ముందు బైపోలార్ డిజార్డర్ (మనసు పట్టరాని ఉత్సాహానికీ లోతైన దిగులుకీ మధ్య ఊగిపోయే జబ్బు) అని తేలింది, అది 1998. మందులు వేసుకుంటే తనలో బొమ్మలు గీసే శక్తి పోతుందేమోనని ఆమెకు పెద్ద బెంగ, ఏ మందు పడుతుందో తేలడానికే ఏళ్ళు పట్టింది. ఆ అనుభవమంతా 'మార్బుల్స్' అనే పుస్తకంగా వచ్చింది 2012లో. లెక్కేసుకోండి, 14 ఏళ్ళు. పుస్తకాన్ని మనం రెండు పూటల్లో చదివేసి అబ్బ ఎంత ఓపెన్‌గా చెప్పేసిందో అంటాం. మీకింకా ఏడు నెలలే.

మీకు నిజంగా పనికొచ్చే పుస్తకం ఒకటుంది, జడ్ వినిక్ గీసిన 'పెడ్రో అండ్ మీ', 2000లో వచ్చింది. 1994లో ఒక అమెరికన్ టీవీ షో కోసం శాన్ ఫ్రాన్సిస్కోలో కొంతమంది కుర్రకారును ఒకే ఇంట్లో ఉంచారు. అందులో పెడ్రో జమోరా అనే క్యూబన్ అమెరికన్ కుర్రాడు ఒకడు, 17 ఏళ్ళప్పుడే తనకు హెచ్ఐవీ ఉందని తెలిసినవాడు. అతనికి గదిలో జోడీగా వచ్చినవాడే ఈ కార్టూనిస్టు. వినిక్ తన గురించి దాచుకోకుండా గీశాడు: నేను చాలా విశాలంగా ఆలోచించేవాణ్ణి అనుకునేవాణ్ణి, తీరా ఒకే గదిలో ఉండాలనేసరికి లోపల వణికిపోయాను అని. ఆ పెడ్రో ఇంట్లో మిగతావాళ్ళకి ఎలా చెప్పాడనుకున్నారు? కళ్ళనీళ్ళు పెట్టుకుని కూర్చోబెట్టి కాదు. తను బళ్ళల్లో, సభల్లో ఎయిడ్స్ గురించి మాట్లాడుతూ తిరిగిన పనికి సంబంధించిన స్క్రాప్‌బుక్ ఒకటి వెంట తెచ్చుకున్నాడు, అది తీసి చూపించాడు. వినేవాళ్ళ చేతుల్లో ఒక వస్తువు పెట్టాడన్నమాట. వాళ్ళకి అతని ముఖంలోకి చూడలేనప్పుడు చూడ్డానికి ఒక పేజీ ఉంది, అడగడానికి ఇది ఎక్కడిది, ఇదెప్పుడు అనే సులువైన ప్రశ్నలు ఉన్నాయి. నాకు ఈ చిన్న తెలివి ముందు పెద్ద పెద్ద స్పీచ్‌లు దిగదుడుపే. అతను అదే ఏడాది నవంబర్ 11న పోయాడు, 22 ఏళ్ళకి, ఆ షో చివరి ఎపిసోడ్ ప్రసారమైన మర్నాడు. అంతకుముందే అతను వెళ్ళలేని సభలకి అతని బదులు వినిక్ వెళ్ళి మాట్లాడటం మొదలుపెట్టాడు. గదిలో వణికిపోయినవాడే.

హీరోల సంగతి. మీరన్నది కొన్ని పుస్తకాల విషయంలో ఒప్పుకుంటాను. మారిసా అకోచెల్లా మార్కెట్టో 'క్యాన్సర్ విక్సెన్' 2006లో వచ్చింది, పెళ్ళికి మూడు వారాల ముందు బ్రెస్ట్ క్యాన్సర్ అని తెలిసిన న్యూయార్క్ కార్టూనిస్టు కథ. పేరులోనే సూపర్ హీరోయిన్ పోజు ఉంది. కానీ ఆ రంగుల పేజీల మధ్యలోనే తన హెల్త్ ఇన్సూరెన్స్ అప్పటికి లాప్స్ అయిపోయి ఉందని కూడా ఆమె దాచకుండా పెట్టింది. రొమ్ములో గడ్డ ఉందని చెప్పుకోవడం కంటే ఇన్సూరెన్స్ కట్టుకోలేదు అని చెప్పుకోవడమే సిగ్గనిపించే రోజులుంటాయి, ఆ సిగ్గు దాటడం కూడా నా లెక్కలో ధైర్యమే. సరిగ్గా అదే ఏడాది మిరియం ఎంగెల్‌బర్గ్ అనే ఆవిడ పుస్తకం కూడా వచ్చింది, దాని పేరు తెలుగులో చెప్పాలంటే 'క్యాన్సర్ వచ్చాక నేను ఇంకా పైపై మనిషినయ్యాను'. జబ్బొస్తే మనిషి గొప్పవాడైపోవాలి, జీవిత సత్యాలు తెలుసుకోవాలి అనే ఒత్తిడి ఉంటుంది చూశారా, దాన్ని ఆవిడ పేరుతోనే ఒక్క తన్ను తన్నింది. బొమ్మలు కూడా పిల్లలు గీసినట్టు ఉంటాయి. ఆవిడ ఆ ఏడాదే చనిపోయారు. హీరోలు మీకు మొహం మొత్తి ఉంటే ఇది చదవండి, మీ చెల్లికి కూడా ఇవ్వండి.

ఇప్పుడు అమ్మ. ఇక్కడ కొంచెం జాగ్రత్తగా మాట్లాడతాను, ఎందుకంటే ఆవిడ చెడ్డగా ఏమీ అనలేదు, కూతుర్ని ఎవరైనా వదిలేసిపోతారేమో అన్న భయం అది. డేవిడ్ స్మాల్ అనే చిత్రకారుడు 2009లో 'స్టిచెస్' అని తన చిన్నతనం గీశాడు. 11 ఏళ్ళకి మెడ మీద గడ్డ కనిపించింది. ఆపరేషన్ చేసింది 14 ఏళ్ళకి. లేచి చూసుకుంటే గొంతు లేదు, ఒక స్వరతంత్రి పోయింది. అది క్యాన్సర్ అని ఇంట్లో ఒక్కరూ అతనికి చెప్పలేదు. తర్వాత ఎప్పుడో అమ్మ రాసుకున్న ఉత్తరం ఒకటి కంటపడితే, అందులో పిల్లాడికి అది క్యాన్సర్ అని తెలియదు అన్న ముక్క చదివి తెలుసుకున్నాడు. మాటల్లేని పేజీలు బోలెడు ఆ పుస్తకంలో, గొంతు లేని కుర్రాడి కథ కదా. మీ ఇంటి పరిస్థితి అదీ ఒకటీ అనడం లేదు నేను. అక్కడ జబ్బు ఉన్నవాడికే దాచారు, ఇక్కడ మీకు అన్నీ తెలుసు. కానీ మీ జబ్బు గురించి ఎవరికి తెలియాలో నిర్ణయించేది మీరు కాకుండా ఇంకెవరో అయినప్పుడు, వాళ్ళు ఎంత ప్రేమతో చేసినా, మీ గొంతు కొంత వాళ్ళ దగ్గర ఉండిపోతుంది. అమ్మతో గొడవ పెట్టుకోనక్కర్లేదు. "అతనికి చెప్పాలనుకుంటున్నాను, ఎప్పుడు చెప్పాలో నేను చూసుకుంటాను, ఇంకెవరికీ చెప్పను" అంటే చాలు.

ఆ చివరి ముక్క ఉత్తినే అనలేదు. అందరికీ చెప్పేయడమే ధైర్యం అని ఎవరైనా అంటే నమ్మకండి. బ్రయాన్ ఫైస్ అని ఒకాయన, వాళ్ళమ్మకి ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తే ఆ కథను 2004లో ఇంటర్నెట్‌లో గీసి పెట్టడం మొదలుపెట్టాడు, పేరు లేకుండా, ఇంట్లోవాళ్ళ గుట్టు బయటపడకూడదని. 'మామ్స్ క్యాన్సర్' అని. ఆ మరుసటి ఏడాది దానికి కామిక్స్ రంగంలో పెద్ద అవార్డు, ఐస్నర్, వచ్చింది. పేరు దాచుకుని గీసినంత మాత్రాన ఆ కథలో నిజం తగ్గిందా? మీ ఆఫీసులో పక్క సీటువాళ్ళకి చెప్పకపోవడం పిరికితనం కాదు, వాళ్ళకి అది అవసరం లేదు, అంతే. జీవితం పంచుకుందామనుకుంటున్న మనిషికి మాత్రం చెప్పండి. అదీ సీరియస్‌గా ముందుకెళ్ళే నిర్ణయాలు తీసుకోకముందే.

ఎలా అంటారా. పెడ్రోని కాపీ కొట్టండి. చేతిలో పెట్టడానికి ఏదో ఒకటి తీసుకెళ్ళండి. ఎమ్మారై ఫిల్మ్ వద్దు, చూడగానే హడలిపోతారు. మీ డాక్టర్ దగ్గర దొరికే చిన్న పాంప్లెట్ లాంటిదో, మీరే ఒక కాగితం మీద రాసుకున్న నాలుగు వాక్యాలో: శరీరంలో రోగాలతో పోరాడాల్సిన వ్యవస్థే నరాల మీది పొరను దెబ్బతీస్తుంది, ఇది అంటుకునేది కాదు, ఒక్కొక్కరిలో ఒక్కోలా నడుస్తుంది, నాకు ఇప్పటిదాకా ఇలా ఉంది. ముందు ముందు ఎలా ఉంటుందని అడిగితే, తెలియదు అనే చెప్పండి, అదే నిజం కూడా. పిల్లల గురించి అడగొచ్చు; ఈ జబ్బు ఉన్న ఆడవాళ్ళు పిల్లల్ని కంటున్నారు, కాకపోతే ఏ మందు ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మార్చాలో ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. ఇంకా అడిగితే "నాతో పాటు ఒకసారి డాక్టర్ దగ్గరికి రా, అన్నీ ఆయన్నే అడుగు" అనండి. అతని ఖడ్గమృగం ఏదో అతన్ని అక్కడే కలుసుకోనివ్వండి. మీరు అతనికి డాక్టరూ, ఓదార్చే మనిషీ రెండూ కానక్కర్లేదు. ఇంకా, రాత్రి పడుకోబోయే ముందో, అతను ఏదో పని మీద హడావిడిగా బయల్దేరుతున్నప్పుడో చెప్పకండి, తర్వాత కాసేపు తీరిక ఉండే పూట చూసుకోండి.

చెప్పాక అతను వెంటనే సరైన మాట అనకపోతే అక్కడే తీర్పు ఇచ్చేయకండి. వినిక్‌ని గుర్తుచేసుకోండి. రెండు వారాలు గడిచినా మీ జబ్బు సంగతి ఎత్తకుండా తప్పించుకు తిరుగుతుంటే మాత్రం, అప్పుడు నాకు మళ్ళీ రాయండి.

ఈలోపు ఒక పని చేసి చూడండి, బొమ్మలు రాకపోయినా ఫర్వాలేదు, పుల్లల మనుషులు చాలు. ఒక కాగితాన్ని నాలుగు గళ్ళు చేయండి. మొదటి దాంట్లో మీరిద్దరూ ఎక్కడ కూర్చున్నారో గీయండి. రెండో దాంట్లో మీ తల పక్కన మాటల బుడగ పెట్టి, మీరు అనబోయే వాక్యం అందులో పట్టేలా రాయండి. పట్టకపోతే వాక్యం పొడుగైందని అర్థం, కొట్టేసి మళ్ళీ రాయండి, నాలుగైదుసార్లు పడుతుంది. మూడో గడిలో అతని ముఖం. మీకు తెలిసిన ముఖమే కదా, భయంతో ఎంత వికారంగా ఊహించుకున్నారో అంత వికారంగానూ గీసేయండి, ఎవరూ చూడరు. నాలుగో గడి ఖాళీగా వదిలేయండి, అది అతను వచ్చి నింపాల్సింది.